నీళ్ళ టబ్బులో ఎలుకలు: నా ఎం.ఫార్మసీ ప్రాజెక్ట్ అనుభవం

ఎలుకకి ఈత వచ్చా అని అడుగుతారు అందరూ. వచ్చు. ఎవరూ నేర్పక్కర్లేదు. నీళ్ళలో వదలగానే ముక్కు పైకెత్తి, వెనక కాళ్ళతో తన్నుకుంటూ వెళ్ళిపోతుంది. కాకపోతే నీళ్ళంటే దానికి గిట్టదు. ఎంత త్వరగా బయటపడదామా అని చూస్తుంది. మోరిస్ వాటర్ మేజ్ అనే ప్రయోగమంతా ఈ ఒక్క అయిష్టం మీదే నడుస్తుంది. ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ రెండో ఏడాది ప్రాజెక్టుకి నేను చేసింది అదే.

టాపిక్ మా గైడ్ మేడమ్ ఇచ్చారు. మతిమరుపు తెప్పించే మందు ఒకటి ఎలుకకి ఇచ్చి, దానికి విరుగుడుగా సరస్వతి ఆకు సారం ఏమన్నా పనిచేస్తుందేమో చూడటం. మన ఫార్మసీ కాలేజీల్లో ఇలాంటి ప్రాజెక్టులకి కొదవ లేదు. ఆకు మారుతుంది, మిగతాదంతా మామూలే. టబ్బు, ఎలుకలు, స్టాప్‌వాచ్, గ్రాఫులు, బైండింగ్, సబ్మిషన్. నేనూ అదే లెక్కలో దిగాను. పని మొదలయ్యాక ఆకు సంగతి మెల్లగా పక్కకి పోయింది. తను ఎక్కడుందో, వెళ్ళాల్సింది ఎటో ఆ బుల్లి తలకాయకి ఎలా తెలుస్తోంది అన్నదే నన్ను పట్టుకుంది. ఇప్పుడు నా ఉద్యోగం రోజంతా కంప్యూటర్ ముందు, మందుల సైడ్ ఎఫెక్టుల రిపోర్టులతో. ఎలుకలతో ఏ సంబంధం లేదు. అయినా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు.

ప్రయోగం వినడానికి తేలిక. గుండ్రటి పెద్ద టబ్బు, సగం వరకు నీళ్ళు. ఒకచోట నీటిమట్టానికి ఒకటి రెండు సెంటీమీటర్ల కింద చిన్న ప్లాట్‌ఫామ్. పైకి కనపడదు. ఎలుకని అంచు దగ్గర వదిలితే తిరిగి తిరిగి ఎప్పుడో ఒకప్పుడు దాని మీదకి ఎక్కుతుంది. రోజుకి నాలుగు ట్రయల్స్ చొప్పున చేస్తూ పోతే ప్రతి రోజూ ఇంకాస్త తొందరగా ఎక్కుతుంది. ఇక్కడే ఉంది తమాషా. టబ్బు లోపల ఏ గుర్తూ ఉండదు. చుట్టూ గోడ నున్నగా, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. నేల మీద పరిగెత్తేటప్పుడు ఎలుక వాసన పట్టుకుని పోవచ్చు, నీళ్ళలో అదీ కుదరదు. పైగా ట్రయల్‌కీ ట్రయల్‌కీ మధ్య మేం నీళ్ళు కలియబెట్టేవాళ్ళం. ఇక దానికి మిగిలింది టబ్బు బయట ఉన్న గది ఒక్కటే.

రిచర్డ్ మోరిస్ స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీలో ఉండగా దీన్ని తయారుచేశాడు. మొదటి పేపరు 1981లో వచ్చింది. మరుసటి ఏడాది ఇంకొందరితో కలిసి మరొకటి వేశాడు, దాన్ని నేను అక్షరం వదలకుండా చదివాను. మెదడులో హిప్పోక్యాంపస్ అనే భాగం తీసేసిన ఎలుకలు దాగి ఉన్న ప్లాట్‌ఫామ్‌ని కనుక్కోలేక నానా తంటాలు పడ్డాయి. అదే ప్లాట్‌ఫామ్‌ని నీటిపైకి కనపడేలా పెడితే నేరుగా వెళ్ళి ఎక్కాయి. అంటే ఈత పోలేదు, చూపు పోలేదు, బయటపడాలన్న ఆత్రమూ పోలేదు. ఎక్కడ అన్నది మాత్రమే పోయింది. అన్నీ ఉండి అదొక్కటే పోవడం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికి చాలా ప్రయత్నించాను.

మాది కోస్తా జిల్లాల్లో కాలేజీ. రెడీమేడ్ వాటర్ మేజ్, దాని కెమెరా, ఎలుక దారిని తనే గీసే సాఫ్ట్‌వేర్, ఇవన్నీ కొనే స్తోమత డిపార్ట్‌మెంట్‌కి లేదు. మా సీనియర్ అక్క ఒకామె ఫైబర్ టబ్బులు చేసే అతని దగ్గర ఒకటిన్నర మీటర్ల వెడల్పుతో ఒకటి చేయించి, లోపలంతా నల్లరంగు కొట్టించి వెళ్ళింది. పుస్తకాల్లో నీళ్ళలో పాలు కలపమని ఉంటుంది, ప్లాట్‌ఫామ్ కనపడకుండా ఉండటానికి. మా విస్టార్ ఎలుకలేమో తెల్లవి. తెల్ల నీళ్ళలో తెల్ల ఎలుక వెబ్‌క్యామ్‌కి ఏం కనిపిస్తుంది? పైగా మా ఎండలకి సాయంత్రానికి ఆ పాల కంపు భరించలేం. అందుకని నల్ల టబ్బు, నల్ల ప్లాట్‌ఫామ్, నీళ్ళలో విషం కాని నల్లరంగు.

నీళ్ళ వేడి మరో తలనొప్పి. ఇరవై అయిదు డిగ్రీల దగ్గర ఉంచాలి. ఏప్రిల్‌లో ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు స్నానానికి కాచినట్టే ఉండేవి. అంత గోరువెచ్చగా ఉంటే ఎలుకకి తొందర ఉండదు, హాయిగా తేలుతూ కూర్చుంటుంది. అటెండర్ బాబాయ్ పొద్దున్నే సైకిల్ మీద ఐస్ గడ్డలు తెచ్చేవాడు. అవి కరిగాక థర్మామీటర్ పెట్టి చూసి, అప్పుడు మొదలెట్టేవాళ్ళం. మరీ చల్లగా ఉన్నా కష్టమే, ఎలుక శరీరం చల్లబడిపోతుంది, రెండో ట్రయల్‌కే డీలా పడుతుంది. ప్రతి ట్రయల్ తర్వాతా టవల్‌తో తుడిచి, లైటు కింద కాసేపు ఉంచి, అప్పుడు మళ్ళీ వదలాలి.

ఎథిక్స్ కమిటీకి పెట్టుకునే దరఖాస్తు (ఫామ్-బి), ఎన్ని ఎలుకలు ఎందుకు కావాలో సంజాయిషీ, అనుమతి, ఎలుకలు రావడం, కొత్తచోట అలవాటు పడటం, ఇవన్నీ అందరికీ తెలిసినవే. ఒక్క ముక్క మాత్రం చెప్పాలి. ప్రయోగానికి ముందు వాటిని రోజూ చేతిలోకి తీసుకుని మచ్చిక చేసుకోవాలి. మనిషి చెయ్యంటే భయపడే ఎలుకని నీళ్ళలో వదిలితే మనం కొలిచేది దాని జ్ఞాపకశక్తిని కాదు, టెన్షన్‌ని. ఒకదానికీ ఇంకోదానికీ తేడా తెలియడానికి పిక్రిక్ యాసిడ్‌తో పసుపు మచ్చ పెట్టేవాళ్ళం. తల మీద ఉంటే హెడ్, వీపు మీద ఉంటే బ్యాక్, తోక మీద ఉంటే టెయిల్. వాటి పేర్లూ అవే. "బ్యాక్ ఇవాళ మేత తినలేదమ్మాయ్" అనేవాడు బాబాయ్. ఊక మార్చేది, పెల్లెట్లు వేసేది ఆయనే కాబట్టి ఏ ఎలుక ఎలా ఉందో మా అందరికన్నా ముందు ఆయనకే తెలిసేది.

ఇక గది. మేడమ్ నన్ను మొదటిసారి ఆ గదిలోకి తీసుకెళ్ళినప్పుడు టబ్బు వంక చూడలేదు. గోడల వంక చూశారు. తూర్పు గోడకి నల్ల అడ్డచారల చార్టు, ఉత్తరం గోడకి పెద్ద నల్ల త్రిభుజం, ఇంకోవైపు స్టీలు బీరువా, మిగిలిన వైపు తలుపు. అన్నీ బాగా పెద్దవి. తెల్ల ఎలుకల ఎర్రటి కళ్ళలో రంగుపదార్థం ఉండదు, మామూలు ఎలుకలకన్నా వాటి చూపు మందం. "చార్టు ఒక్క అంగుళం కూడా కదలకూడదు. బీరువా తలుపు ఎప్పుడూ వేసే ఉండాలి. నువ్వు నిలబడే చోటు కూడా మారకూడదు" అన్నారు. నేనెందుకు అని అడిగాను. "ఏమ్మా, ఆ గదిలో అందరికన్నా పెద్ద గుర్తువి నువ్వే కదా. ఎలుకని వదిలి వెళ్ళి ఎక్కడ నిలబడతావో అది కూడా చూస్తుంది."

నేల మీద చాక్‌పీసుతో గీత గీసి అక్కడే నిలబడేదాన్ని. ఒకే రంగు ఆప్రాన్, తలకి ఒకే నూనె, సెంట్లు బంద్.

ట్రయల్ ఇలా ఉంటుంది. ఎలుకని గోడవైపు ముఖం ఉండేలా పట్టుకుని మెల్లగా నీళ్ళలోకి దించాలి. ఒకసారి ఉత్తరం నుంచి, ఒకసారి పడమర నుంచి, ఇలా ప్రతిసారీ వేరే వైపు నుంచి. ప్లాట్‌ఫామ్ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అరవై సెకన్లు చూడాలి. ఎక్కితే సరే, లేకపోతే చేత్తో దారి చూపించి ఎక్కించాలి. ఎక్కాక పదిహేను, ఇరవై సెకన్లు అక్కడే ఉండనివ్వాలి.

మొదటిరోజు అన్నీ ఒకటే తంతు. గోడని ఆనుకుని చుట్టూ చుట్టూ తిరగడం. గోడ ఉన్నచోట దారి ఉంటుందని ఎలుక జన్మకి తెలిసిన సంగతి. కలుగుల్లో బతికేదానికి అది సరైన తెలివే, ఈ టబ్బులోనే అది పనికిరాదు. రెండోరోజుకి గోడ వదిలి మధ్యకి రావడం మొదలెడతాయి. ఆ తర్వాత ఒక్కొక్కటీ ఒక్కోలా. హెడ్ ఉన్నట్టుండి మలుపు తీసుకుని తిన్నగా వెళ్ళి ఎక్కేసేది. టెయిల్‌కి మాత్రం ఎక్కాక మళ్ళీ నీళ్ళలోకి దూకే పాడలవాటు ఉండేది, బహుశా ఇంకేదన్నా మంచి దారి ఉందేమోనని.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లాట్‌ఫామ్ మీది ఆ ఇరవై సెకన్లు. ఎక్కగానే ఒళ్ళు విదిలిస్తుంది. రెండు చేతులతో ముఖం తుడుచుకుంటుంది. తర్వాత వెనక కాళ్ళ మీద లేచి నిలబడుతుంది. మీసాలు అల్లల్లాడుతూ ఉంటాయి, ముక్కు గాలిలో అటూ ఇటూ వెతుకుతుంది. చారల చార్టు వైపు తిరిగి ఆగుతుంది. కాళ్ళు దించి, ఒక పక్కకి తిరిగి, మళ్ళీ లేస్తుంది, ఈసారి బీరువా వైపు. ఆ తర్వాత నా వైపు. కొత్తలో నేను ఆ టైములో పెన్ను తీసుకుని సెకన్లు రాసుకునేదాన్ని. బాబాయ్ గుమ్మం దగ్గర నిలబడి "అది నీ లెక్కలు రాసుకుంటోందమ్మాయ్, నువ్వు దాని లెక్కలు రాస్తున్నావు" అని నవ్వాడు.

ఎలుక దారి నేర్చుకోవడమంటే కాళ్ళకి అలవాటు పడటమా, తలలో మ్యాపు గీసుకోవడమా అన్న గొడవ చాలా పాతది. 1908లో అమెరికాలో కార్, వాట్సన్ అనే ఇద్దరు, ఎలుకలకి ఒక మేజ్ (చిక్కుదారుల పెట్టె) బాగా అలవాటు చేసి, తర్వాత దాని దారులు పొట్టిగా చేశారు. ఎలుకలు పాత అలవాటున పరిగెత్తి గోడకి గుద్దుకున్నాయి. కాళ్ళ అలవాటే అన్నవాళ్ళకి అంతకన్నా ఏం కావాలి? దీనికి ఎదురు నిలిచినవాడు బర్క్‌లీలో పనిచేసిన ఎడ్వర్డ్ టోల్మన్. మేత ఏమీ పెట్టకుండా మేజ్‌లో ఊరికే తిరగనిచ్చిన ఎలుకలు, ఆ తర్వాత మేత పెట్టగానే, మొదటినుంచీ మేతతో నేర్చుకున్నవాటితో సమానమైపోయాయని చూపించాడు. ఊరికే తిరిగిన రోజుల్లో అవి ఏదో పోగుచేసుకున్నాయన్నమాట. ఆ పోగుచేసుకున్నదాన్ని 1948లో తలలోని మ్యాపు అన్నాడు. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు.

నా ఉద్దేశంలో ఇద్దరూ నిజమే చెప్పారు. ఎలుకకి రెండూ ఉన్నాయి. ప్లస్ గుర్తు ఆకారంలో ఉన్న మేజ్‌తో 1996లో ప్యాకర్డ్, మెక్‌గా అనేవాళ్ళు చూపించింది ఇదే. కొత్తలో ఎలుక చోటుని బట్టి వెళ్తుంది, బాగా అలవాటయ్యాక 'ఇటు తిరగాలి' అన్న మలుపుని బట్టి వెళ్తుంది. మెదడులో ఆ రెంటికీ వేరువేరు భాగాలు. వాటర్ మేజ్‌లో ప్రతిసారీ వేరే వైపు నుంచి ఎందుకు వదలాలో ఇది చదివాకే నాకు సరిగ్గా ఎక్కింది. ఎప్పుడూ ఒకేవైపు నుంచి వదిలితే ఎలుకకి మ్యాపు అక్కర్లేదు, ఒక మలుపు గుర్తుంటే చాలు. హిప్పోక్యాంపస్‌కి సంబంధించిన నరాల కట్ట తెగిన ఎలుకలు కూడా ఒకేచోటు నుంచి వదిలితే నేర్చుకోగలిగాయని 1990లోనే చూపించారు.

మ్యాపు, మలుపు కాక మూడోది కూడా ఉంది. కరెంటు పోయినప్పుడు మన ఇంట్లో మనం మంచం దగ్గర్నుంచి స్విచ్ బోర్డు దాకా వెళ్ళమూ? ఏమీ కనపడదు, ఎన్ని అడుగులు వేశామో ఎటు తిరిగామో ఒంటికే తెలుస్తూ ఉంటుంది. జెర్బిల్ అనే చిన్న ఎడారి ఎలుక మీద జర్మనీలో మిటెల్‌స్టేట్ దంపతులు 1980లో ఇదే చూపించారు. చిమ్మచీకట్లో తల్లి తప్పిపోయిన పిల్లని వెతికి, నోట కరుచుకుని, నేరుగా గూటి వైపు వస్తుంది. ట్యునీషియా ఎడారి చీమలది మరీ విడ్డూరం. అవి అడుగులు లెక్కపెట్టుకుంటాయా అని తేల్చడానికి 2006లో చీమల కాళ్ళకి పంది వెంట్రుకలు అంటించి పొడుగు చేశారు! పొడుగు కాళ్ళతో ఇంటికి బయల్దేరిన చీమలు పుట్ట దాటి ముందుకెళ్ళిపోయి వెతుక్కున్నాయి, కాళ్ళు పొట్టి చేసినవి ముందే ఆగిపోయాయి. ఆ కాళ్ళు అంటించినవాళ్ళ ఓపికకి దణ్ణం పెట్టాలి. మా టబ్బులో మాత్రం అడుగుల లెక్క పనికిరాదు. ఎలుకని చేత్తో ఎత్తి తెచ్చి కొత్తవైపు నుంచి దించుతాం కదా, లెక్క అక్కడే తెగిపోతుంది.

థీసిస్‌లో అందరూ రాసేది ఎస్కేప్ లేటెన్సీ, అంటే ఎక్కడానికి పట్టిన సెకన్లు. రోజురోజుకీ గ్రాఫు కిందకి దిగుతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నాకు ఆ సెకన్ల మీద అనుమానం మొదలైంది ఒక ఎలుకని చూశాక. అది గోడకి జానెడు దూరంలో, అదే దూరం పాటిస్తూ గుండ్రంగా ఈదేది. ప్లాట్‌ఫామ్ కూడా గోడ నుంచి అంతే దూరంలో ఉంటుంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తగిలేది. దాని సెకన్లు కూడా బాగానే తగ్గాయి. కానీ ప్లాట్‌ఫామ్ ఎక్కడుందో దానికి తెలియదు, ఎంత దూరంలో ఉందో మాత్రమే తెలుసు. కాగితం మీద చూస్తే ఇదీ, తిన్నగా వెళ్ళే హెడ్డూ పక్కపక్కనే ఉంటాయి.

అందుకని దారులు గీయడం మొదలెట్టాను. సాఫ్ట్‌వేర్ లేదన్నాను కదా. సీలింగ్‌కి కట్టిన వెబ్‌క్యామ్ వీడియోని కంప్యూటర్‌లో ఆడించి, మానిటర్ మీద ఓహెచ్‌పీ షీటు (పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ షీటు) అంటించి, ఎలుక ఎటు పోతే అటు మార్కర్‌తో గీసేదాన్ని. రాత్రిళ్ళు హాస్టల్లో ఇదే పని. రూమ్మేట్ "పిచ్చిగీతలు" అనేది. నిజంగానే మొదటిరోజు షీట్లు పిచ్చిగీతలే. నాలుగో రోజు షీట్లు వాటి పక్కన పెడితే ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు: వేరువేరు వైపుల నుంచి వచ్చిన గీతలు ఒకే చుక్క దగ్గర కలుస్తాయి.

అసలు పరీక్ష చివర్న ఉంటుంది, ప్రోబ్ ట్రయల్. ప్లాట్‌ఫామ్ తీసేస్తాం. ఎలుకని వదిలి అరవై సెకన్లు ఎక్కడెక్కడ తిరుగుతుందో చూస్తాం. టబ్బుని నాలుగు భాగాలుగా అనుకుంటే, ఏమీ తెలియని ఎలుక ఒక్కో భాగంలో సుమారు పదిహేను సెకన్లు గడుపుతుంది. మందు ఇవ్వని గ్రూపులోని బ్యాక్‌ని, ముందెన్నడూ వదలని వైపు నుంచి దించాను. తిన్నగా వెళ్ళింది. ప్లాట్‌ఫామ్ ఉండాల్సిన చోటికి రాగానే ఈత నెమ్మదించి అక్కడే గిరగిరా తిరిగింది. నాలుగు జానల మేర వెతికింది. విసిగి గోడ దాకా వెళ్ళింది. మళ్ళీ వెనక్కి తిరిగి అదే చోటికొచ్చి, అక్కడే మళ్ళీ వెతికింది. అక్కడ నల్లటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. లేనిదాన్ని ఉండాల్సినచోట వెతుకుతోంది అంటే తలలో ఏదో ఉన్నట్టే కదా అని నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను.

మతిమరుపు మందు స్కోపొలమైన్ ఇచ్చిన గ్రూపు కథ వేరు. ఈ మందు మనకి కొత్తేం కాదు, ఉమ్మెత్తలో ఉండేదే. ఉమ్మెత్త కాయ తిన్నవాళ్ళు ఎక్కడున్నారో తెలియక పిచ్చిచూపులు చూడటం పల్లెల్లో పెద్దవాళ్ళు చూసే ఉంటారు. మెదడులో ఎసిటైల్‌కోలిన్ పనిని అది అడ్డుకుంటుంది. ఎసిటైల్‌కోలిన్ అంటే నరాల కణాల మధ్య కబుర్లు మోసే రసాయనం. అల్జీమర్స్‌లో దెబ్బతినేవాటిలో ఎసిటైల్‌కోలిన్ వ్యవస్థ ముఖ్యమైనది కాబట్టి, ఆ జబ్బుకి నకలుగా దీన్ని వాడతారు. సూది ఇచ్చిన అరగంటకి ఎలుకని వదిలితే, మొదటిరోజు ఎలుకలాగే గోడ పట్టుకుని తిరుగుతుంది, కాకపోతే ఇంకా వేగంగా. చేత్తో ప్లాట్‌ఫామ్ ఎక్కిస్తే నిలవదు, దూకేస్తుంది. లేచి నిలబడి చుట్టూ చూడటం అనేదే ఉండదు. ఇది నిజంగా మరిచిపోవడమేనా, నిలకడ లేకపోవడమా? ఈ మందు మీద ఆ విమర్శ ఎప్పటినుంచో ఉంది, నేను కళ్ళారా చూశాక అది న్యాయమైన విమర్శేననిపించింది. చుట్టూ చూడనిదానికి మ్యాపు ఎలా తయారవుతుంది?

సరస్వతి ఆకు సంగతేమైంది అంటారా. సారం ఇచ్చిన గ్రూపులో సెకన్లు కొంత తగ్గాయి, ప్రోబ్ ట్రయల్‌లో తేడా మాత్రం స్టాటిస్టిక్స్‌కి నిలవలేదు. గ్రూపుకి ఆరేసి ఎలుకలతో ఆకు గురించి ఏదీ తేల్చి చెప్పలేం. ఇంట్లో అమ్మమ్మకి ఈ జవాబు నచ్చలేదు.

ప్రాజెక్టు మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది మేడమ్ ఫామ్-బిలో ముందే రాయించిన ఇంకో చిన్న భాగం. టబ్బు చుట్టూ నల్ల తెర కట్టి, చార్టులు తెర లోపలి వైపు వేలాడదీసి, వేరే ఎలుకలకి అందులోనే నేర్పాం. నేను కూడా తెర బయటే, వెబ్‌క్యామ్‌లో చూస్తాను. బాగా నేర్చాక ప్లాట్‌ఫామ్ తీసేసి, చార్టులన్నిటినీ పావు చుట్టు తిప్పాం. గది తిరగలేదు, టబ్బు తిరగలేదు, చార్టులు మాత్రమే. ఎలుకలు ఎటు పోతాయి?

చార్టులు చెప్పిన వైపే పోయాయి. టబ్బులో ప్లాట్‌ఫామ్ ఎన్నడూ లేని చోటికి, ఏ మాత్రం తటపటాయించకుండా వెళ్ళి, అక్కడ గిరగిరా తిరిగి వెతికాయి. ఒకటి మాత్రం అటూ ఇటూ రెండుచోట్లా తిరిగింది. కిటికీ ఏసీ చప్పుడు తెర బయట ఉన్నచోటే ఉంది కదా, అది దాన్నీ లెక్కలోకి తీసుకుందేమో అన్నారు మేడమ్.

తిప్పితే మ్యాపూ తిరుగుతుందన్నది మెదడు లోపల కూడా చూశారు. జాన్ ఓకీఫ్ లండన్‌లో 1971లో డొస్ట్రోవ్‌స్కీతో కలిసి హిప్పోక్యాంపస్‌లో విచిత్రమైన కణాలు కనిపెట్టాడు. సన్నటి తీగలు దింపి ఒక్కో కణం చప్పుడు వింటే, ఎలుక ఫలానా చోటికి వచ్చినప్పుడే ఒక కణం పలుకుతుంది, ఇంకో చోటికి ఇంకోటి. ప్లేస్ సెల్స్ అంటారు. గుండ్రటి పెట్టె గోడకి అంటించిన ఒక కార్డుని పక్కకి తిప్పితే ఆ కణాలు పలికే చోట్లు కూడా దాంతోపాటే తిరిగాయని 1987లో ముల్లర్, క్యూబీ చూపించారు. మా చార్టుల ఆటకి లోపలి బొమ్మ అదే. నార్వేలో మే-బ్రిట్ మోజర్, ఎడ్వర్డ్ మోజర్ బృందం 2005లో హిప్పోక్యాంపస్ పక్కనే ఉన్న ఎంటోరైనల్ కార్టెక్స్‌లో గ్రిడ్ సెల్స్ బయటపెట్టింది. అక్కడ ఒక్కో కణం ఎన్నో చోట్ల పలుకుతుంది, ఆ చోట్లని గీతలతో కలిపితే నేలంతా సమబాహు త్రిభుజాలు పరిచినట్టు వస్తుంది. ఓకీఫ్‌కీ మోజర్ దంపతులకీ కలిపి 2014లో నోబెల్ ఇచ్చారు. తల ఎటు తిరిగి ఉందో చెప్పే కణాలు, గోడ అంచులకి పలికే కణాలు వేరే ఉన్నాయి. అల్జీమర్స్ ముందుగా దెబ్బకొట్టేవాటిలో ఎంటోరైనల్ కార్టెక్స్ ఒకటి. పెద్దవాళ్ళు తెలిసిన వీధిలోనే దారి తప్పడం ఆ జబ్బుకి తొలి లక్షణాల్లో ఎందుకుంటుందో దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఇంకోటి కూడా చెప్పాలి. 1994లో విల్సన్, మెక్‌నాటన్ ఎలుక నిద్రపోతున్నప్పుడు ఆ కణాలని విన్నారు. తిరిగేటప్పుడు కలిసి పలికిన కణాలే నిద్రలోనూ కలిసి పలికాయి. 2006లో ఇంకో విశేషం తేలింది: పరుగు చివర ఎలుక ఆగి ఉన్నప్పుడు, వచ్చిన దారి తాలూకు కణాలు చివరి నుంచి మొదటికి, తిరగేసిన వరసలో, రెప్పపాటులో పలుకుతాయి. అది ట్రాక్ మీద పరిగెత్తిన ఎలుకల సంగతి, మా టబ్బుది కాదు. అయినా అది చదివిన తర్వాత ప్లాట్‌ఫామ్ మీద లేచి నిలబడ్డ ఎలుక దగ్గర పెన్ను చప్పుడు కూడా చెయ్యలేదు.

చివర్న ఎలుకలని చంపాలి. నిబంధనల ప్రకారం, నొప్పి లేకుండా. మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ని విడగొట్టే ఎంజైమ్ ఎంతుందో ఎల్‌మన్ పద్ధతిలో కొలవడానికి. ఐస్ మీద పెట్టిన పెట్రీ డిష్‌లో పైపొర పక్కకి తీస్తే హిప్పోక్యాంపస్ వంపుగా, తెల్లగా కనిపిస్తుంది. చిన్న ముక్క. బ్యాక్‌ది నేను చెయ్యలేనంటే ఇంకో సీనియర్ అక్క చేసింది. ఆ పని నాకు నచ్చలేదు, ఇప్పుడు మళ్ళీ చెయ్యమంటే చెయ్యను. కానీ అంత పనీ చేశాక సెకన్ల గ్రాఫు ఒక్కటి గీసి ఊరుకోవడం ఇంకా అన్యాయం అనిపించి, షీట్లన్నీ థీసిస్ వెనక జత చేశాను.

వైవాలో ఎక్స్‌టర్నల్ సార్ గ్రాఫు చూసి "లేటెన్సీ తగ్గింది కాబట్టి నేర్చుకుందంటావా?" అన్నారు. షీట్లు తీసి బల్ల మీద పరిచాను. గుండ్రంగా తిరిగిన ఎలుకదీ, హెడ్‌దీ పక్కపక్కన పెట్టాను. సెకన్లు దాదాపు ఒకటే, గీతలు మాత్రం ఎక్కడా పోలిక లేవు. ఆయన కళ్ళజోడు తీసి దగ్గరగా చూసి, గది బొమ్మ మీద పెన్ను పెట్టి "నువ్వెక్కడ నిలబడ్డావు?" అని అడిగారు. చూపించాను. ఆకు గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.

ఇప్పటికీ జూనియర్లు ఫోన్ చేస్తుంటారు. స్కోపొలమైన్ డోసెంత అక్కా, ఎన్ని రోజులు ట్రైనింగ్ ఇవ్వాలి, ఇవే అడుగుతారు. ముందు గది ఫోటో పంపమంటాను. ఈమధ్య ఒకమ్మాయి పంపిన ఫోటోలో టబ్బు చుట్టూ నాలుగు గోడలూ ఖాళీ, అన్నిటికీ ఒకే క్రీమ్ రంగు సున్నం. చార్టులు అంటించమన్నాను. సాయంత్రానికి అంటించి మళ్ళీ ఫోటో పెట్టింది, ఏ4 కాగితాల మీద ప్రింట్లు. అవి తీసేసి పెద్దవి కొనమన్నాను, అంత చిన్నవి తెల్ల ఎలుకకి ఆనవు.